ఇసుక పిట్టలు నాలుగోసారి లేచినప్పుడు

మా మనవరాలు పొద్దున ఓడలు రాసేది, మధ్యాహ్నం పిట్టలు రాసేది. ఖానాపురం హవేలిలో మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు మాది. అక్కడే కిటికీ పక్కన కూర్చుని స్పానిష్ మాటలను ఇంగ్లీషులోకి మార్చడం దాని ఉద్యోగం. ఆ భాష హైదరాబాద్‌లో చదివింది. కంపెనీ వాళ్ళు ఆ వారం రెండు జాబితాలు పంపారు. ఒకదాంట్లో యుద్ధ ఓడలు, రెండోదాంట్లో సముద్రపు పిట్టలు. మాటకు మాట రాసి, కింద దాని గురించి ఒక వాక్యం కూడా రాయాలట.

నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగేదాన్ని. నోరు ఊరుకోదు కదా.

"అకొరాసాదో అంటే ఏందే?"

"ఒళ్ళంత ఇనుప కవచమున్న యుద్ధ ఓడ అమ్మమ్మా. ఇంగ్లీషుల బ్యాటిల్‌షిప్ అని రాస్తున్న."

"గంత ఇనుము మోసుకొని నీళ్ళ మీద తిరుగుడేందే? మునగదా?"

"ఈ లిస్టుల సగం మునిగినయే. మునిగిన ఓడ పేరే మళ్ళ కొత్త ఓడకు పెడతరంట."

"బుద్ధి లేనోళ్ళు" అన్నాను.

అది నవ్వింది. నేను నవ్వలేదు. మా పుట్టింట్లో నీళ్ళలో పోయిన మనిషి పేరు ఎవరూ ఎత్తరు. పుట్టిన పిల్లలకు పెట్టరు, తద్దినం నాడు కూడా పంతులు చెవిలో చెప్పి ఊరుకుంటారు. మా అన్న పేరు పైకి విని అరవై ఏళ్ళు దాటింది.

మధ్యాహ్నం పిట్టల జాబితా తెరిచింది. ఒక చోట ఆగి, "చర్రాన్. ఇంగ్లీషుల టెర్న్. తెలుగుల ఏమంటరో మరి" అంటూ బొమ్మ చూపించింది. తెల్లటి ఒళ్ళు, తల మీద నల్ల టోపీ, కత్తెరలా చీలిన తోక. ముక్కు మాత్రం ఎరుపు. మా పుట్టింటి ఏట్లో తిరిగేదానికి పసుపు ముక్కు. మా రేవులో వాటిని ఇసుక పిట్టలు అనేవాళ్ళం. ఆ మాట చెప్పబోతున్నాను, ఈలోగా అది ఏదో నొక్కింది. ల్యాప్‌టాప్‌లోంచి మందకు మంద ఒక్కసారిగా అరిచింది.

చిక్కుడుకాయల గిన్నె నా ఒళ్ళోంచి జారిపోయింది. ముందు నేను చూసింది నేల వైపు. నీళ్ళు వస్తున్నాయేమోనని. మేడ మీద!

ఇది కొత్త కాదు నాకు. ఇల్లందులో ఉన్నన్నాళ్ళూ బొగ్గు బాయి సైరన్ మోగితే చెట్ల మీది పిట్టలన్నీ లేచేవి. మిగతా ఆడవాళ్ళు మొగుడి డ్యూటీ అయిపోయిందని అన్నం వార్చేవాళ్ళు. నేను గడప పట్టుకుని నేల చూసేదాన్ని.

"ఏమైంది అమ్మమ్మా? ఈ పిట్ట గురించి నీకేమన్న తెలుసా? ఒక్క వాక్యం జెప్పు, రాస్త."

"తెల్వది" అన్నాను. ఎవరి మొహం మీదైనా ఉన్నదున్నట్టు చెప్పే మనిషినని నాకు పేరు. ఆ పేరు ఎంత దొంగదో నాకొక్కదానికే తెలుసు.

బూర్గంపాడు దగ్గర ఏటి మధ్యలో ఎండాకాలం ఇసుక తిప్పలు తేలతాయి. మా వాళ్ళు వాటి మీద పుచ్చ, దోస వేసేవాళ్ళు. ఇసుక పిట్టలు కూడా అక్కడే ఒట్టి ఇసుకలో గుడ్లు పెట్టేవి. ఎగువన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పొంగి వస్తుంది. అది మనిషికంటే ముందు పిట్టకు తెలుస్తుంది. మంద మొత్తం ఒక్కసారి లేచిందంటే చేతిలో పార అక్కడే పడేసి ఒడ్డెక్కాలి. తిప్ప మీద పని చేసేవాళ్ళకు ఇదొక్కటే కట్టడి. అందుకే పిల్లలు గుడ్ల జోలికి పోకూడదు. ఊరికే పిట్టలను లేపకూడదు.

నాకు పదేళ్ళు. గుడ్లంటే ఆశ. ఆ రోజు అన్న తిప్ప చివర పారతో గుంట తవ్వి పుచ్చపాదులకు నీళ్ళు పోస్తున్నాడు. నేను ఈ కొసన గుడ్లు ఏరుతున్నాను. పిట్టలు లేచాయి. అన్న పార పడేసి ఉరికి వచ్చాడు. నన్ను చూసి, "ఇంకోసారి లేపితే గుంజకు కట్టేస్త!" అని అరిచి వెనక్కి పోయాడు. రెండోసారి లేపాను. అన్న ఉరకలేదు, నిలబడి చూశాడు. మూడోసారి తల ఎత్తి చూసి తిట్టాడు.

మూడు గుడ్లు ఒడిలో కట్టుకుని మోకాటి లోతు నీళ్ళు దాటి ఒడ్డెక్కాను. అన్నకు కనబడకుండా రెల్లు చాటున కూర్చున్నాను. అప్పుడు నాలుగోసారి లేచాయి. నేను లేపలేదు.

అన్న నడుము నిటారుగా చేసి పైకి చూశాడు. మళ్ళీ వంగాడు.

అరిస్తే వినబడేంత దూరమే. అరిస్తే ఒడిలో గుడ్లు చూస్తాడు, కట్టేస్తాడు. అంతే నా ఆలోచన. చప్పుడు చేయకుండా ఇంటికి పోయి, చేపలోళ్ళు ఇచ్చారని అబద్ధం చెప్పి గుడ్లు వదినె చేతిలో పెట్టాను. నీళ్ళు రావడం నేను చూడలేదు.

వదినె కాపురానికొచ్చి ఏడాది కాలేదు. ఆ పొద్దున సద్ది దగ్గర ఇద్దరూ పోట్లాడుకున్నారు. "ఏట్ల పడి సావు, పో" అన్నది ఆమె. పెళ్ళాలు అనే మాటే. కానీ ఆ పూటే నిజమైంది. రేవులో అందరి ముందూ మా అమ్మ, "నీ నోరే మింగింది నా కొడుకును" అన్నది. ఊరు ఊరంతా అదే అన్నది. నేను మా అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

అప్పటినుంచి వదినె ఎవరినీ కసిరి ఒక మాట అనలేదు. 'పో' అన్న మాటే నోట రానివ్వలేదు. కోడి వడ్లలో పడ్డా చప్పట్లు కొట్టేది, అంతే.

యాభై ఏళ్ళు దాటాక కాలనీలో ఆడవాళ్ళకు బడి పెడితే వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. బస్సు బోర్డు చదువుకోవడానికని అందరికీ చెప్పాను. నిజానికి వదినెకు ఉత్తరం రాయడానికి. నాలుగు వరుసలు రాశాక తెలిసొచ్చింది, ఆమెకు చదువు రాదు. ఎవరో వాకిట్లో నిలబడి పైకి చదవాలి. చింపేశాను. భయపడి చింపి, ఆమె పరువు కోసమని సర్దిచెప్పుకున్నాను.

పిట్టల అరుపు విన్న మర్నాడు బస్సెక్కాను. సారపాకలో దిగి ఆటోలో బూర్గంపాడు పోయాను. వదినె వాకిట్లో చేటతో బియ్యం ఏరుతోంది.

"ఏందే ఆడిబిడ్డా, ఫోనన్న జెయ్యకుండ వచ్చినవ్? నేను సచ్చిన్నని ఎవలన్న జెప్పిర్రా?"

"నువ్వు సస్తే ముందుగాల నాకు తెల్వదా?"

"తెలుస్తది, తెలుస్తది. కూసో."

కూర్చోలేదు. కూర్చుంటే చాయ్ తాగి వచ్చేస్తానని నాకు తెలుసు. "వదినె, అన్న నీ మాటతోని పోలే. నేను పిట్టలను లేపిన" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. మూడుసార్లు, నాలుగోసారి, రెల్లు, ఒడి. ఆమె బియ్యం ఏరుతూనే ఉంది.

"మూడు గుడ్లు" అన్నది చివరికి.

"అవ్. మూడు."

"నేనే ఉడకబెట్టిన. నీకొకటి, నాకొకటి. ఒకటి ఆయనకని గిన్నె కింద మూసిపెట్టిన."

అది నాకు తెలియదు. "ఏం జేసినవ్ దాన్ని?" అన్నాను.

"పది రోజులైనంక వాసనొచ్చింది. పోయి ఏట్లనే ఏసిన."

ఉప్పు లేకుండా తిన్న ఆ గుడ్డు రుచి నా నాలుక మీదికి వచ్చింది.

"కొడుకును మింగిన్నని మీ అవ్వ సచ్చేదాంక నా చేతి నీళ్ళు తాగలే" అన్నది వదినె. "నువ్వు పక్కన్నే ఉంటివి. నాకు బదులు ముంత నువ్వే అందిస్తుంటివి. గీ ముచ్చట జెప్పనీకి అరవై ఏండ్లు పట్టిందా నీకు?"



అప్పుడే ఒక కోడి వచ్చి చేటలో మూతి పెట్టింది. చప్పట్లు కొట్టడానికి ఆమె చేతులు లేచాయి. మధ్యలో ఆగిపోయాయి.

"పో!" అన్నది. "ఏట్ల పడి సావు, పో!"

కోడి ఎగిరి గోడ దూకింది. వదినె ఒక నిమిషం రేవు వైపు చూసింది, ఏదో జరుగుతుందన్నట్టు. ఏమీ జరగలేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ పో" అన్నది.

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయలుదేరాను. మలుపు దగ్గర అలవాటుగా ఏటి వైపు చూశాను. పిట్టలేవీ లేవలేదు. వెనక ఆమె గొంతు పెరుగుతోంది. వాకిట్లో ఉన్న కోళ్ళనన్నిటినీ ఒక్కొక్కదాన్నే తిడుతోంది. ఆటో వచ్చేదాకా వింటూ నిలబడ్డాను.