ఏడో నంబరు ఇంట్లో సగం

నంద్యాల జిల్లా అయిన ఏడాదే నన్ను కర్నూలు నుంచి నంద్యాల బ్రాంచికి ఏరియా మేనేజరుగా వేశారు. ఇప్పుడు చెప్పబోయేది ఆ మరుసటి ఆషాఢంలో జరిగింది. మాది హైదరాబాదులో హెడ్డాఫీసు ఉన్న క్లీనింగ్ కంపెనీ. ఏరియా మేనేజరు అంటే పెద్ద హోదా అనుకునేరు. నా కింద ఒక టీమ్ లీడరు, ఆమె కింద ఐదుగురు ఆడవాళ్లు, నేలను గుండ్రంగా రుద్దే యంత్రం ఒకటి ఉండేవి. ఆ యంత్రం మాత్రం నేను వచ్చిన రోజు నుంచీ రిపేరులోనే ఉంది.

మా పని గురించి రెండు మాటలు. ఇల్లు కట్టడం పూర్తయ్యాక నేల మీద సిమెంటు మరకలు, అద్దాల మీద పెయింటు చుక్కలు, బాత్రూము టైల్స్ మీద పుట్టీ మిగిలిపోతాయి. చెత్త ఎత్తడం, మరకలు గీకడం, తాళాలు ఇచ్చే రోజు పొద్దున చివరి తుడుపు తుడవడం, ఇలా మూడు విడతల్లో ఆ ఇంటిని మనుషులు కాలు పెట్టేలా చేసి ఇస్తాం. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు. శ్రావణం రాగానే ముహూర్తాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అందుకని బిల్డర్లకు మేం గుర్తొచ్చేది ఆషాఢంలోనే. మిగతా పదకొండు నెలలూ మేం ఎదురుపడితే వాళ్లకు అర్జెంటుగా ఫోన్లు వస్తాయి.

ఆ ఆషాఢం మొదట్లో హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. నెల ముగిసేలోగా ఒక్క బిల్డరు కాంట్రాక్టయినా రాకపోతే నంద్యాల బ్రాంచి మూసేస్తామని చెప్పి, చివర్లో నాకు ఆల్ ది బెస్ట్ కూడా చెప్పారు. నాకు పోయేదేమీ లేదు. రిటైర్మెంటుకు రెండేళ్లు ఉంది, మళ్లీ కర్నూల్లో కుర్చీ వేస్తారు. పోయేది మా టీమ్ లీడరు సువార్తమ్మకు. ఆమెది సంజామల. భర్త నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి, దుమ్ము పీల్చి పీల్చి, ఇంటి పట్టున కూర్చున్నాడు. ఆమె నంద్యాలలో ఒక స్కూల్లో ఆయాగా ఉంటే, ఇది పర్మనెంటు లాంటి ఉద్యోగమని చెప్పి మాన్పించి తెచ్చుకున్నది నేనే. 'లాంటి' అన్న మాట ఎంత తేలిగ్గా అనేశానో మెయిల్ చదివాక తెలిసింది. చాలా సిగ్గేసింది.

అలాంటి సమయంలో ఆళ్లగడ్డ నుంచి ఓబులేసు ఫోన్ చేశాడు. ఓబులేసు నిన్నమొన్నటి దాకా ఎరువుల కొట్టు నడిపాడు. జిల్లా రాగానే చుట్టుపక్కల ఎరువుల కొట్లవాళ్లంతా డెవలపర్లు అయినట్టే తనూ అయ్యాడు. ఊరి బయట తొమ్మిది డూప్లెక్స్ ఇళ్లు కట్టాడు. వెంచరు పేరులో రాజసమూ పచ్చదనమూ రెండూ ఉండేవి. స్థలంలో మాత్రం కంకర, కంపచెట్లు ఉండేవి. హాళ్లలో, వంటింట్లో నేలకు నల్లటి నాపబండ పాలిష్ పట్టించి పరిచాడు. అది మన జిల్లాలో తవ్వితే దొరికే రాయి. బ్రోషరులో దానికి విదేశీ పేరేదో పెట్టాడు.

కాంట్రాక్టు గెలవడానికి మాకు ఒక వరుస ఉంటుంది. సైటు చూడడం, కొలతలు తీయడం, చదరపు అడుగుకు రేటు రాసి కొటేషన్ ఇవ్వడం, ఆ తర్వాత శాంపిల్. శాంపిల్ అంటే మా పనితనం చూపడానికి ఒక చోట ఉచితంగా శుభ్రం చేయడం. కొలతలు తీసుకున్న రోజున ఓబులేసు టీ ఇప్పించి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మీ రేటు గీటు నేనడగను మేడమ్. ఏడో నంబరిల్లు సేసి సూపీండి. పని నచ్చితే తొమ్మిదీ మీవే. నాది ఒకటే మాట."

ఆ ఒకటే మాట ఇంకా ఎంతమందికి ఇచ్చాడో అడగాలన్న బుద్ధి ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ఉన్న నాకు పుట్టలేదు.

మరుసటి సోమవారం పొద్దున్నే నంద్యాల బస్టాండులో ఆరుగురినీ, బకెట్లనీ బస్సెక్కించి ఆళ్లగడ్డలో దింపాను. హెడ్డాఫీసు మాన్యువల్ ప్రకారం నేల మరకలకు యాసిడ్ వాడాలి. అందుకని రెండు క్యాన్లు తెచ్చాను. సువార్తమ్మ వాటిని గేటు దగ్గరే దించి, లోపలికి రానివ్వలేదు.

"ఈ బండకు యాసిడ్ పోస్తే బుడబుడా పొంగుతాది అక్కా. తడి ఉన్నంతసేపూ మెరుస్తాది. ఆరినాక సూడు, బూడిద పూసినట్ల తెల్లగయితాది. మాయాయన పదేండ్లు ఈ బండనే పాలిష్ పట్నాడు."

మాన్యువల్‌లో అలా లేదన్నాను. మాన్యువల్ రాసినాయన ఎప్పుడన్నా బండ కడిగినాడా అని అడిగింది. సబ్బునీళ్లు, కొబ్బరి పీచు, ప్లాస్టిక్ బ్లేడుతోనే చేయమన్నాను.

టీ కోసం బయటికి వచ్చినప్పుడు ఐదో నంబరు ముందు ఇంకో కంపెనీ టీషర్టులు కనిపించాయి. ప్రొద్దుటూరు నుంచి వచ్చారట. శాంపిల్ చేస్తున్నామని వాళ్ల సూపర్వైజరు గర్వంగా చెప్పాడు. ఒకటి నుంచి నాలుగు దాకా అప్పటికే నలుగురు చేసి వెళ్లారని, ఆరులో కర్నూలువాళ్లు ఉన్నారని, ఎనిమిది, తొమ్మిది రేపు అనంతపురంవాళ్లకూ కడపవాళ్లకూ ఇచ్చారని వాచ్‌మన్ వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. తొమ్మిది ఇళ్లు, తొమ్మిది కంపెనీలు, తొమ్మిది శాంపిళ్లు. కాంట్రాక్టు ఇవ్వడానికి ఆపైన ఒక్క ఇల్లు కూడా మిగల్లేదు. నాలుగు జిల్లాల క్లీనింగ్ రంగాన్ని ఓబులేసు పైసా ఖర్చు లేకుండా ఆళ్లగడ్డకు రప్పించాడు. అతను కేవలం ఎరువులతో ఆగిపోకపోవడం మంచిదే అనిపించింది.

లోపలికి వచ్చి సంగతి చెప్పాను. అందరూ పని ఆపారు. సువార్తమ్మ చేతిలో బ్లేడు కింద పెట్టి, "అయితే మల్లా స్కూలుకాడికి పొయ్యి అడుక్కోవల్లనా?" అంది. కోపంగా కాదు, బస్సు టైము అడిగినట్టుగా అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది, ఓబులేసు మీద కొంత, నా మీద ఎక్కువ.

పెయింటర్లు వాడే పేపర్ టేపు చుట్ట ఒకటి కిటికీలో పడి ఉంది. గుమ్మం మధ్య నుంచి హాలు మీదుగా వంటింటి గట్టు పైదాకా తిన్నగా అంటించమన్నాను. టేపుకు ఎడమవైపు మాత్రమే పని చేశాం. అదీ మా చేతనైనంత బాగా చేశాం. నల్ల బండలో కిటికీ ఊచలు కనిపించాయి. కుడివైపు సిమెంటు సిమెంటులాగే ఉంది. రెండు తలుపుల కిటికీలో ఒక తలుపే తుడిచాం. సింకుకు రెండు కుళాయిలుంటే ఒకటే తోమాం. ఇంతమంది ఇంత శ్రద్ధగా పని చేయకుండా ఉండడం నా సర్వీసులో అదే మొదటిసారి.

సాయంత్రం ఓబులేసు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏందీ మేడమ్ ఇది, సగం సేసి ఇడిసిపెట్నారు?"

శాంపిల్ అని చెప్పాను. గుడ్డల కొట్లో చీర కావాలంటే ముక్క చూపిస్తారు గానీ చీర కట్టబెట్టి పంపరు కదా అన్నాను. అతని మర్యాద అక్కడితో అయిపోయింది. ఇంకెప్పుడూ ఈ గేటు తొక్కొద్దన్నాడు. మా బకెట్లు మేం ఎత్తుకున్నాం.

తర్వాతి రెండు వారాలూ బాగా గడిచాయని చెప్పను. మూసివేతకు ఆస్తుల జాబితా పంపమని హెడ్డాఫీసు అడిగింది. యంత్రం ఆస్తి కిందకు వస్తుందా రాదా అని మూడు మెయిళ్లు నడిచాయి. సువార్తమ్మ రోజూ ఆఫీసుకు వచ్చి, తుడిచిన నేలనే మళ్లీ తుడుస్తూ ఉండేది. ఆమె వైపు చూడలేక నేను ఫైళ్లు చూసేదాన్ని.

ఆషాఢం ఇంకా నాలుగు రోజులుందనగా ఓబులేసే ఫోన్ చేశాడు. గొంతులో పాత మర్యాద తిరిగి వచ్చింది. వెంటనే రమ్మన్నాడు.

సువార్తమ్మను వెంటబెట్టుకుని వెళ్లేసరికి, ముహూర్తాల ముందు ఇళ్లు చూసుకుందామని కొన్నవాళ్లంతా వెంచరుకు వచ్చి ఉన్నారు. మాది తప్ప మిగతా ఎనిమిది ఇళ్లలోనూ మా పోటీదారులు తమ తమ మాన్యువళ్లను తు.చ. తప్పకుండా పాటించారు. యాసిడ్ ఆరిపోయి నల్ల బండల మీద తెల్లటి చారలు తేలాయి. ఆళ్లగడ్డలో పొద్దున లేస్తే రాతి మీద ఉలి చప్పుడే వినిపిస్తుంది. విగ్రహాలు చెక్కి బతికే ఊరది. అలాంటి ఊళ్లో రాయిని పాడుచేసి అమ్మబోవడానికి కొంచెం ధైర్యం ఉండాలి.

ఏడో నంబరు కొన్నది రుద్రవరం వైపు రైతు కుటుంబం. వాళ్ల పెద్దావిడ టేపుకు ఎడమవైపు చెప్పులు విడిచి నిలబడి, ఓబులేసుతో మాట్లాడుతోంది. అందరూ ఆమె వెనకే నిలబడి వింటున్నారు.

"ఈ సగం ఎవరు సేసిరో వాళ్లతోనే ఆ సగమూ సేపీ. శ్రావణంలో పాలు పొంగియ్యల్ల నేను. గట్టు ఆ పక్కన పొంగియ్యల్లనా, ఈ పక్కన పొంగియ్యల్లనా, నువ్వే సెప్పు. ల్యాకుంటే అడ్వాన్సు ఈడ పెట్టు."

మిగతా ఎనిమిది మందీ తమకు కూడా టేపు ఎడమవైపులాగే కావాలన్నారు. ఓబులేసు నావైపు చూశాడు. నేను సువార్తమ్మవైపు చూశాను. యాసిడ్ తిన్న బండకు మళ్లీ పాలిష్ పట్టాలని, అది వేరే పని అని, దానికి వేరే రేటు అని ఆమె చెప్పింది. పాలిష్ పని తన భర్త దగ్గరుండి చెప్పి చేయిస్తాడని, ఆయన కుర్చీలో కూర్చుంటాడని, దుమ్ము దగ్గరికి రాడని కూడా చెప్పింది. ఓబులేసు అన్నిటికీ తలూపాడు. తొమ్మిది ఇళ్ల కాంట్రాక్టు ఆ గట్టు మీదే, తుడిచిన వైపు కాగితం పెట్టి, సంతకం చేశాడు.

బ్రాంచి నిలిచింది. సువార్తమ్మ ఇప్పుడు అక్కడ సూపర్వైజరు. శాంపిల్ ఇకపై గదిలో సగం మాత్రమే చేయాలని హెడ్డాఫీసు అన్ని బ్రాంచీలకూ సర్క్యులర్ పంపింది. ఆ ఆలోచన హైదరాబాదులో ఒక మీటింగులో పుట్టిందని అందులో రాశారు. నేను అభ్యంతరం చెప్పలేదు. పని చూపించడం వేరు, పని ఇచ్చేయడం వేరు అని నాకు తెలిసింది రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లూ నేను పూర్తి ఇళ్లే చూపిస్తూ వచ్చాను.

మాన్యువల్‌లో నాపబండకు యాసిడ్ వాడమని ఇప్పటికీ ఉందట. సువార్తమ్మ ఆ పేజీ చింపేసి, అద్దాలు తుడవడానికి వాడిందని విన్నాను.