హాజరు తీసుకునే గది

అమీర్‌పేటలోని ఆ పెంకుటిల్లు ఆదివారం ఏసు గుడి, మిగతా రోజుల్లో బడి. "హాజరు తీసుకున్నంకనే గిది క్లాసు, అందాక ఒట్టి గదే" అనేవాడు జ్ఞానరాజు పంతులు. ఆ నేల ఊడ్చి అలికే మగ్దలీనమ్మ ఆ వేళకు పని ఆపి నిలబడేది. కూతురు యేసుమణి "హాజర్!" అని అందరికన్నా గట్టిగా అరిచేది మరి.

పంతొమ్మిది వందల నలభై రెండులో విషజ్వరం ఆ పిల్లను తీసుకుపోయింది. ఆదివారం శవపేటికను ఆ గదిలోనే ఉంచి ప్రార్థన చేశారు. సోమవారం మగ్దలీనమ్మ ఆ చోటే అలికింది.

పంతులు హాజరుపట్టీ తెరిచి, అలవాటుకొద్దీ "యేసుమణి" అనేసి నాలుక కరుచుకున్నాడు. పిల్లలు తలలు దించుకున్నారు.

"హాజర్, సారూ" అంది మగ్దలీనమ్మ, గుమ్మంలో చీపురు పట్టుకుని. "నా బిడ్డ పేరు కొట్టెయ్యకుండ్రి."

పంతులు పట్టీ మూసేశాడు. ఆ పూట ఆ గది క్లాసు కాలేదు.