సీసాలు కడిగే ఒకవేళ అక్కయ్య

నీళ్లు పరీక్షించే ఆ ప్రయోగశాలలో సీసాలు కడిగే ఆవిడను అందరూ ఒకవేళ అక్కయ్య అంటారు. ఎవరేం తేల్చి చెప్పినా "ఒకవేళ అలా కాకపోతే?" అనడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. గుమ్మంలో తడి గొడుగు చూసి బయట వాన అంటే, ఒకవేళ ఎవరైనా దాన్ని కుళాయి కింద కడిగి పెట్టారేమో అంటుంది. పెళ్లికి ముందు నువ్వంటే ఇష్టమని చెప్పిన పాపానికి తనకూ ఇదే ప్రశ్న పడిందనీ, ముప్పై ఏళ్లుగా రుజువులు చూపిస్తూనే ఉన్నాననీ వాళ్లాయన వాపోతుంటాడు.

నవ్వేవాళ్లు నవ్వనీ గాని, ఆవిడ ప్రశ్నకో లెక్క ఉంది. చెప్పినవాళ్లు నోటితో అనకుండా మనసులో అనేసుకున్న మాట ఏదో వెతుకుతుంది. దాన్ని తీసేస్తే వాదన కూలిందా, అది లేనిదే గడవని మాట. కూలలేదా, ఉన్నా లేకున్నా ఒకటే. ఈ విద్య ఆవిడకెవరూ నేర్పలేదు. పెద్ద చదువులు చదివిన పరీక్షాధికారే రిపోర్టు రాయగానే సీసాల గదికొచ్చి, ఆవిడకు చదివి వినిపించనిదే సంతకం పెట్టడు.

ఆ ఉదయం ఆయన తెచ్చింది లాండ్రీ రిపోర్టు. లాండ్రీ పక్క బావి నీళ్లలో సబ్బు తేలింది, కాబట్టి లాండ్రీ మురుగు బావిలోకి ఇంకుతోంది, కాబట్టి మూసేయాలి. సంతకం పడితే ఆ సాయంత్రమే తాళం. లాండ్రీ యజమాని అప్పటికే వరండా బల్లమీద ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆయన్ను నమ్ముకుని ఆరుగురు పనివాళ్లున్నారు.

మురుగు ఇంకెవరిదైనా కావచ్చుగా అని అడిగింది అక్కయ్య. ఆ చుట్టుపక్కల ఇంకో ఇల్లే లేదన్నాడు అధికారి.

"ఒకవేళ ఆ సబ్బు అసలు బావిలోది కాకపోతే?" అంది అలవాటు కొద్దీ. అనేశాక నాలుక కరుచుకుంది.

బావిలోది కాకపోతే సీసాలోదే. సీసా కడిగింది తను. మొన్న గదిలో కుళాయి ఆగిపోయింది. నాలుగుసార్లు జాడించాల్సిన సీసాలను బకెట్లో మిగిలిన నీళ్లతో రెండుసార్లే జాడించింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆవిడకు ఒక్క మాట పడలేదు. ఇప్పుడూ ఊరుకుంటే అడిగేవాడు లేడు.

"సార్, మీ రిపోర్టు నిలబడాలంటే నేను సీసా బాగా కడిగుండాలి. మొన్న బాగా కడగలేదు," అంది.

ఆవిడ తన కళ్లెదుటే ఆరుసార్లు జాడించి ఇచ్చిన సీసా పట్టుకుని అధికారి తనే బావికి వెళ్లాడు. మధ్యాహ్నానికి తేలింది, నీళ్లలో సబ్బు జాడే లేదు. లాండ్రీ యజమాని ఆ మాట విని, నవ్వాలో ఏడవాలో తెలియక, పనివాళ్లకు చెప్పడానికి పరుగున వెళ్లిపోయాడు.

మొదటి పరీక్షలో తప్పు యంత్రానిదని రాసేస్తానన్నాడు అధికారి, ఆవిడ మీద అభిమానం కొద్దీ.

"నోరు లేనిదాని మీద ఎందుకు సార్? నాదని రాయండి."

రాశాడు. రాసి, కలం ఆవిడ చేతికిచ్చాడు.

"ఇన్నాళ్లూ నేను సంతకం పెట్టిన ప్రతి కాగితం మీ చేతుల మీదే నిలబడిందక్కా. నాకే తట్టలేదు. ఇకమీదట కడిగినవాళ్ల సంతకం కూడా ఉండాలి."

ఆవిడకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంది. ఇరవై ఏళ్లలో ఆవిడ తొలి సంతకం తన తప్పు కిందే పడింది. దాన్ని అక్షరం అక్షరం విడివిడిగా, ఎవరైనా చదువుకునేలా పెట్టింది.