సంతాప వయొలిన్లు, మిర్చి బజ్జీలు

డెబ్బైలలో లాల్‌దర్వాజాలోని మా గల్లీకి దేశంలోని పెద్ద చావులన్నీ ఎదురింటి దర్జీ భాయ్ రేడియోలోంచే తెలిసేవి. ఢిల్లీలో నాయకుడెవరైనా పోతే సినిమా పాటలు ఆగిపోయి, ఒక గుంపు వయొలిన్లు కలిసి ఏడ్చేవి. పోయింది ఎవరో చెప్పకముందే, సర్కారు ఆఫీసులో గుమాస్తా అయిన మా నాయన వేసుకున్న చొక్కా విప్పి మేకుకు తగిలించేవాడు.

"ఇయ్యాల సెలవే. ఎవరు పోయిన్రో తర్వాత అరుసుకుందాం," అనేవాడు.

అమ్మ వెంటనే శనగపిండి కలిపేది. దేశం శోకంలో మునిగిన ప్రతిసారీ మా ఇంట్లో మిర్చి బజ్జీలే. ఇప్పటికీ కచేరీల్లో వయొలిన్లు అలా ఏడిస్తే పక్కవాళ్లు కళ్లు తుడుచుకుంటారు, నాకు నోరూరుతుంది.

ఒక పొద్దున అలాగే వయొలిన్లు మొదలయ్యాయి. చొక్కా మేకుకెక్కింది, మూకుడు పొయ్యికెక్కింది. రెండో వాయి బజ్జీలు దిగేసరికి ఆఫీసు వేళ దాటిపోయింది. అప్పుడు ఆగాయి వయొలిన్లు. ఇంతవరకు విన్నది వాద్యబృందం కార్యక్రమమనీ, ఇక రైతులకు సూచనలనీ రేడియో చల్లగా చెప్పింది.

"అరే భాయ్, ఎవ్వరు పోలేదంట!" అని దర్జీ భాయ్ కేకేశాడు.

నాయన చేతిలో బజ్జీ ఆగిపోయింది. "మంచిగ విన్నవా భాయ్? ఒక్కరు గూడ పోలేదా?"

ఏ నాయకుడు పోయినా పలకని దుఃఖం ఆ గొంతులో పలికింది.

మర్నాడు సంజాయిషీ చీటీ రాసుకుని, భయపడుతూ ఆఫీసుకు వెళ్లాడు. దాన్ని ఎవరూ అడగలేదు. అడగాల్సిన ఆఫీసరు కూడా ఆ వయొలిన్లు విని ఇంట్లోనే ఉండిపోయాడట.