తాలుకాయల పాఠం చెప్పిన మేడం

మా జువాలజీ మేడం పోయారు. సోమవారం పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే, ఇంటర్‌లో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఫోన్ చేసింది.

"మేడం పోయారే."

"ఏ మేడం?" అన్నాను. తెలిసే అడిగాను. ఆ మాట ఇంకెవరి గురించో అయితే బాగుండుననిపించింది.

మూడు నెలల క్రితమే అద్దంకి బస్టాండులో కనిపించి, నా పొదిలి బస్సు కదిలేదాకా నవ్వుతూ మాట్లాడారు. ఇంకా యాభై నిండలేదు.

తొంభైల చివర్లో మాకు ఆమె ప్రొటీన్ల పాఠం చెప్పారు. కణంలో ప్రొటీన్ సరైన ఆకారంలోకి మడత పడాలి. పడకపోతే కణం సరిచేయబోతుంది. కుదరకపోతే దానికి గుర్తు తగిలించి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ వాడుకుంటుంది. మాకేమీ తలకెక్కలేదు. మేడం పుస్తకం మూసి, మమ్మల్ని కాలేజీ వెనక మిరప కల్లానికి తీసుకెళ్లారు. అక్కడ ఒకావిడ ఎండుమిరపలోంచి రంగు పోయి చెడిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తోంది.

"చూడండర్రా, రంగు చూసి ఎలా పట్టేస్తోందో!" అన్నారు మేడం.

"రంగొక్కటే కాదమ్మా," అందావిడ తలెత్తకుండానే. "కొన్ని పైకి ఎర్రగానే ఉంటాయి. చేత్తో పట్టుకుంటేనే తెలిసిద్ది."

మేడం మొహం వెలిగిపోయింది. "నేను చెప్పింది కొట్టేసి, ఆమె చెప్పింది రాసుకోండి. కణం కూడా తడిమే చూస్తుంది. లోపల ఉండాల్సిన భాగం బయటికొచ్చి తగిలిందంటే, ఆ ప్రొటీన్ చెడినట్టే."

తెలియదని చెప్పడానికి ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు. "తెలియదంటే మార్కులు పోవు, తెలిసినట్టు రాస్తేనే పోతాయి" అనేవారు మాతో.

బస్టాండులో కలిసిన రెండు వారాలకే ఆమె మాట తడబడింది. తర్వాత నడక. మెదడులో ఒక ప్రొటీన్ తప్పుగా మడత పడి, పక్కవాటినీ తనలాగే మార్చేస్తోందని, దాన్ని వదిలించుకోవడం కణాల వల్ల కావడం లేదని, మందు లేదని గుంటూరు డాక్టరు చెప్పారట. మాకు ఆమె ఒక్క పేరాలో చెప్పి వదిలేసిన జబ్బు అది. లక్షల్లో ఒకరికి కూడా రాదన్నారు అప్పుడు.

నేను చూడ్డానికి వెళ్లేసరికి నన్ను గుర్తుపట్టలేదు. వాళ్లాయన వాకిట్లోకి వచ్చి చెప్పారు: "డాక్టరు చెబుతుంటే మధ్యలో ఆపిందమ్మా. 'నాకు తెలుసండీ. మా ఆయనకి నెమ్మదిగా చెప్పండి' అంది."

సోమవారం వాళ్లింటికి చేరేసరికి ముందుగది నిండా మనుషులు. నిలబడ చోటు లేక పెరట్లోకి వెళ్లాను. మేడం పోకముందు, ఆ పొద్దునే వాళ్లాయన ఉతికి ఆరేశారట, ఆమె నేత చీర తీగ మీద ఉంది. దాని అంచు ఇంకా తడిగానే ఉంది.