మధ్య రేవులో దిగిన ఇద్దరు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, నవంబరులో, నన్ను మధ్యధరా క్రూజ్ కేసుల డెస్క్‌కి మార్చారు. షామ్‌బర్గ్‌లో మాది ప్రయాణ బీమా తీసుకున్నవాళ్ళకు విదేశాల్లో వైద్యసాయం ఏర్పాటుచేసే కంపెనీ. నేను చదివింది నర్సింగ్, హోదా సీనియర్ కేస్ మేనేజర్. వైద్యం చెప్పే అధికారం నాకు లేదు. ఆసుపత్రి, గది, తిరుగు విమానం కుదర్చడమే నా పని.

ఆ డెస్క్‌ని ఎవరూ కోరుకునేవారు కాదు. శరదృతువు చివర్లో టికెట్లు చవక, జనం పలచన, ఎండ బాధ లేదు. అందుకే రిటైరైనవాళ్ళు ఆ నెలల్లో ఎక్కువగా వెళతారు. సముద్రం మాత్రం అప్పటికి మారిపోయి ఉంటుంది. గాలి లేస్తే ఓడ అనుకున్న ఊరు వదిలేసి ఇంకో ఊరికి పోతుంది, లేదా రోజంతా నీళ్ళ మీదే ఉంటుంది. మెట్ల మీదా బాత్‌రూముల్లోనూ పడిపోయినవాళ్ళ ఫోన్లతో మా వేసవి అలసట తీరకముందే పని ఒత్తిడి మళ్ళీ మొదలయ్యేది.

ఆ నెలలోనే ఒకరోజు నేను డ్యూటీ ఎక్కగానే వచ్చిన కేసు శాంటా క్లారాలో ఉండే తెలుగు దంపతులది. రాఘవరావుగారు రిటైర్డ్ ఇంజినీరు. ఊగుతున్న ఓడ మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ ఆలస్యం చేయకూడదని షిప్ డాక్టరు చెప్పారు. ఇలాంటప్పుడు రోగిని దారిలోని రేవులో దింపుతారు. డాక్టరు సిఫార్సు చేయాలి, కెప్టెన్ ఒప్పుకోవాలి, ఆసుపత్రి ఖర్చుకు మా మెడికల్ డైరెక్టర్ హామీ ఇవ్వాలి. మూడూ అయ్యాయి. ఓడను సిసిలీలోని ఒక చిన్న రేవు వైపు మళ్ళించారు.

ఆయన భార్య సత్యవతిగారు మాత్రం దిగనన్నారు. ఆవిడ మాట కాదని ఆయన దిగే కాగితాల మీద సంతకం పెట్టరు.

"బార్సిలోనా ఎల్లుండే కదమ్మా! అక్కణ్ణుంచి మా ఫ్లైట్ బుక్ అయ్యే ఉంది. నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇవ్వమనండి, నేను చూసుకుంటాను" అన్నారు ఫోన్‌లో.

డాక్టరు చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఆవిడా అదే మాట అన్నారు. నా గొంతులో విసుగు నాకే వినిపించింది. డాక్టరు మాట పక్కన పెట్టి, దిగితే మీకేం భయమండీ అని అడిగాను.

"ఆయన్ని లోపలికి తీసుకుపోతారు. నేనెక్కడ కూర్చోవాలి? ఎవరితో మాట్లాడాలి? ఈ షిప్‌లో కనీసం నా రూమ్ నంబరైనా నాకు తెలుసు."

కొంచెం టైమ్ ఇవ్వమన్నాను.

వేసవి మీద బతికే ఊరది. నవంబరుకి హోటళ్ళు మూసేశారు, కొన్నిచోట్ల ఫోనే ఎత్తలేదు. అక్కడ మా తరఫున పనులు చూసే రోసా అనే ఆవిడ, ఆసుపత్రి వీధిలోనే తన తల్లి ఇంటి మేడ మీద గది ఉందంది. ఏజెంట్ల ఇళ్ళలో మనుషుల్ని ఉంచకూడదన్నది మా నిబంధన. మా సూపర్‌వైజర్‌ని అడిగాను. తనూ అలిసిపోయి ఉంది. తన పూచీ మీద కానిమ్మంది.

సత్యవతిగారికి ఫోన్ చేసి, ఆసుపత్రి వీధిలోనే గది ఉందనీ, రోసా అనే ఆవిడ ఓడ మెట్ల దగ్గరే నిలబడి ఉంటుందనీ, ఇంగ్లీషు వచ్చుననీ, ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటుందనీ చెప్పాను.

"నిజంగా వస్తుందా?"

"ఇప్పుడే మాట్లాడానండి. బయల్దేరింది."

ఆవిడ ఆయనతో ఏదో మాట్లాడటం ఫోన్‌లో వినిపించింది. తర్వాత, "సరే, దిగుతాం" అన్నారు.

అయితే గాలి తగ్గలేదు. ఓడకు రేవులోకి దారి చూపే పైలట్ ఎక్కలేకపోయాడు. ఓడ బయటే తిరుగుతూ ఉంది. అక్కణ్ణుంచి నా చేతిలో ఏమీ లేదు. తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా మూత తీసి, తినలేక మళ్ళీ పెట్టేశాను. డ్యూటీ దిగే వేళకు రోసా నుంచి మెసేజ్ వచ్చింది: గాలి తగ్గింది, ఓడ రేవుకొచ్చింది, ఇద్దరూ దిగారు.

మర్నాడు ఆపరేషన్ జరిగింది. కొన్ని వారాల తర్వాత ఒక నర్సును తోడిచ్చి ఇంటికి చేర్చాం. అప్పటికి రాఘవరావుగారు చేతికర్రతో నడుస్తున్నారు. సత్యవతిగారు ఫోన్ చేసి, "ఉన్నన్నాళ్ళూ వానేనమ్మా! బ్రోషర్‌లో అంతా ఎండే చూపించారు" అన్నారు. రోసా తల్లి గురించి చాలాసేపు చెప్పారు.

ఆ తర్వాత ఏ కేసులోనైనా రోగికి మంచం వెతికే ముందు తోడున్నవాళ్ళకు చోటు వెతికాను. పని తేలికైంది. ఇప్పుడు తెలిసినవాళ్ళు చలికాలం ముందు క్రూజ్ గురించి అడిగితే వెళ్ళొద్దని చెప్పను. గాలి, వాన, మారిపోయే రేవులు, మూసేసిన ఊళ్ళు ఉంటాయంటాను. ఇద్దరిలో ఒకరు మధ్యలో దిగాల్సివస్తే రెండోవారు ఏం చేయాలో ఇంట్లోనే మాట్లాడుకుని ఎక్కమంటాను.