మసి పిన్ని రెండు నిమిషాలు

మా పిన్నిని వీధి వీధంతా మసి పిన్ని అంటారు. ఆవిడ ముప్పై రెండేళ్లు ఒక బీమా కంపెనీలో సర్వేయరుగా పనిచేసింది. ఎక్కడ నిప్పంటుకున్నా, మంటలార్పేవాళ్లు గొట్టాలు చుట్టుకుని వెళ్లిపోయాక అక్కడికి వెళ్లేది పిన్నే. ఏం కాలింది, ఎంత కాలింది, కంపెనీ ఎంత ఇవ్వాలి అన్నది తేల్చడం ఆవిడ పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముక్కు మీదా, చెవుల వెనకా, గోళ్ల సందుల్లోనూ మసి. పిల్లలం ఎదురెళ్లి "ఇవాళ ఏం కాలింది పిన్నీ?" అని అడిగేవాళ్లం. దూది గోదాం అనో, చెక్కల అడితి అనో చెప్పేది. మిఠాయి కొట్టు కాలిందన్న రోజు మాత్రం మాకు దుఃఖం ఆగలేదు.

కంపెనీ తన షేర్లను మొదటిసారి జనానికి అమ్మినప్పుడు ఉద్యోగులకు తక్కువ ధరకు కొన్ని ఇచ్చారు. చాలామంది వెంటనే అమ్ముకుని మేడ మీద గది వేసుకున్నారు. పిన్ని అమ్మలేదు. రెండు వేల షేర్లు అలాగే బీరువాలో పడి ఉన్నాయి. ఆవిడ రిటైరై ఎనిమిదేళ్లయింది.

బాబాయికి ఇంటి కిందే గడియారాలు బాగుచేసే కొట్టుంది. నేను పై వాటాలో ఉంటాను. నాకున్న వాటా అదొక్కటే, ఏ కంపెనీలోనూ ఇంకేమీ లేదు. అందుకే ఈ గొడవంతా నిమ్మళంగా చూడగలిగాను.

గొడవ ఏమిటంటే, ఇంకా పెద్ద కంపెనీ ఒకటి వచ్చి పిన్ని వాళ్ల కంపెనీని మొత్తంగా కొనేస్తానంది. బజారులో వంద పలుకుతున్న షేరుకు నూట నలభై ఇస్తానంది. ఆ వారమంతా బాబాయి కాలు నేల మీద నిలవలేదు. చిన్న చిన్న పళ్లచక్రాలు చూసీ చూసీ ఆయన కళ్లు అలిసిపోయాయి. ఆ డబ్బు చేతికొస్తే కొట్టు మూసేద్దామని ఆయన ఆశ.

తొమ్మిదో రోజున కంపెనీ బోర్డు ఆ బేరాన్ని తిరగ్గొట్టింది. మా కంపెనీ విలువ అంతకంటే ఎక్కువ, అమ్మేది లేదు అని ఒక్క ముక్కలో చెప్పేసింది. మర్నాడు పొద్దున షేరు తొంభై రెండుకు పడిపోయింది.

పక్కన మందుల షాపాయనకు కూడా షేర్లున్నాయి. పేపరు చుట్టి చేత్తో పట్టుకుని తిన్నగా బాబాయి కొట్టుకొచ్చాడు.

"చూశారా మాస్టారూ! నోటి దగ్గర ముద్ద లాగేశారు. ఆ చైర్మన్ సొమ్మేం పోయింది? కుర్చీ పోతుందని భయం, అంతే."

"ముసలాడికి కుర్చీ మోజు. మన కళ్లు పోతే వాడికేం?" అన్నాడు బాబాయి. పిన్ని మెట్ల మీద నిలబడి వింది.

వాళ్లిద్దరే కాదు, చాలామంది మండిపడ్డారు. అందరికంటే పెద్ద వాటాలున్న రెండు పెట్టుబడి సంస్థలు చేతులు కలిపి వాటాదారుల సమావేశం పెట్టించాయి. చైర్మన్‌నూ మరో నలుగురినీ దించేసి, బేరానికి ఒప్పుకునేవాళ్లను కూర్చోబెట్టాలని తీర్మానం. గడువు ఐదు వారాలు.

కొంటామన్న కంపెనీ తన బేరం షరతులన్నీ అచ్చేసి పంపిన పుస్తకం పిన్నికి పోస్టులో వచ్చింది. నూట ఎనభై పేజీలు. అది అందుకున్న మిగతావాళ్లెవరూ అట్ట తిప్పి చూసి ఉండరు. పిన్ని వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ మూడు రోజులు చదివింది. నాలుగో రోజు బాబాయిని పిలిచింది.

"ఏవండీ, ఇది వినండి. నూట ముప్పై ఒకటో పేజీ. ఊళ్లలో ఉన్న నలభై రెండు సర్వే ఆఫీసులూ మూసేస్తారట. కాలిన చోటికి మనిషి వెళ్లడట. నష్టపోయినవాడే ఫోటోలు తీసి పంపాలట."

"మూస్తే మూసుకోనీ. నువ్వు రిటైరయ్యావుగా. వాటాదారులకి దాంతో పనేంటి?"

"వాటాదారులకి పనున్న ముక్క రెండు పేజీల తరవాతుంది. నూట నలభై ఇస్తామంటున్నారే, అందులో సగానికి పైగా వాళ్ల జేబులోది కాదు. ముందు అప్పు తెస్తారు. కొన్నాక, క్లెయిముల కోసం మన కంపెనీ పక్కన పెట్టిన నిధిలోంచి తీసి ఆ అప్పు తీర్చేస్తారు."

బాబాయి పుస్తకం లాక్కున్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని ఆ పేరా రెండుసార్లు చదివాడు.

"అంటే మన గల్లాపెట్టెలోంచే తీసి మనకి బేరం పెడుతున్నారా?"

"అంతే."

"ఎంత గడుసువాళ్లే!" అన్నాడు. "అయినా నూట నలభై నూట నలభైయేగా" అని గొణుక్కుంటూ కిందికి పోయాడు.

ఆ మధ్యాహ్నమే పిన్ని తన పాత డైరీ తీసి ఫోన్లు మొదలుపెట్టింది. చిన్న వాటాదారులు వేలల్లో ఉన్నారు. షేరుకో ఓటు, ఒక్కొక్కళ్ల దగ్గరా షేర్లు కొంచెమే. అందుకే ఎవరూ సమావేశానికి పోరు, ఓటు వేయరు. అయితే రాలేనివాళ్లు తమ బదులు ఫలానా మనిషి ఓటు వేస్తుందని కాగితం మీద సంతకం చేసి ఇవ్వొచ్చు. ఆ కాగితాలు పోగెయ్యాలని పిన్ని పట్టుదల. పాత ఉద్యోగులు పదకొండుగురు తోడొచ్చారు. వాళ్లలో ఒకాయన డెబ్బై దాటిన క్యాషియరు. మోకాలి నొప్పితో కూడా మూడంతస్తుల మెట్లెక్కి సంతకాలు తెచ్చేవాడు. ఒకావిడ టైపిస్టు. ఎవరి తలుపు కొట్టినా గంట తక్కువ కాకుండా కబుర్లు చెప్పి, రెండు సంతకాలూ, కడుపునిండా టీ పుచ్చుకుని వచ్చేది.

అందరూ మర్యాదగా పంపలేదు. "నాకు నూట నలభై కావాలి, నీ నీతులొద్దు" అని ఒకాయన పిన్ని మొహం మీదే తలుపేశాడు. మందుల షాపాయన వారం రోజులు మాట్లాడటం మానేశాడు. పిన్ని పుస్తకంలోని ఆ రెండు పేజీలు కాపీ తీయించి అతని బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఎనిమిదో రోజు తనే సంతకం పెట్టిన కాగితంతో వచ్చాడు. "చదివానండి. నాకు కోపం మాత్రం పోలేదు" అన్నాడు.

"కోపం ఉంచుకోండి, కాగితం ఇవ్వండి" అంది పిన్ని.

మూడు వారాలకు వంటింటి బల్ల కనబడకుండా పోయింది. మేం ఒళ్లో కంచాలు పెట్టుకుని తిన్నాం. బాబాయి రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు కుర్చీ లాక్కుని పిన్ని ఎదురుగా కూర్చున్నాడు.

"నీ మాట నెగ్గుతుందో లేదో నాకు తెలీదు. కానీ నీ కాగితంలో తప్పుందని ఎవడో తిప్పికొడితే మాత్రం నేను ఊరుకోను. ఇలా పడెయ్."

ఇద్దరూ కలిసి ఒక్కో కాగితం చూశారు. ఆయన భూతద్దంలోంచి మసకబారిన షేరు నంబర్లు చదివితే ఆవిడ సరిచూసేది. మొగుడూ పెళ్లాల పేర్ల మీద షేర్లుంటే ఇద్దరి సంతకాలూ ఉన్నాయా, తేదీ వేశారా అని చూసేవాళ్లు. లోపమున్న కాగితం మర్నాడే వెనక్కి వెళ్లి, సరైన సంతకంతో మళ్లీ వచ్చేది.

సమావేశానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం పన్నెండులోగా కాగితాలు అందజేయాలి. మేం నాలుగు అట్టపెట్టెలతో పదింటికే కంపెనీ ఆఫీసుకు చేరాం. కిటికీ వెనక గుమాస్తా పెట్టెల్ని చూసి నిట్టూర్చాడు.

"అమ్మా, మామూలు జనం తెచ్చే వాటిల్లో సగం చెల్లవండి."

"చూడు నాయనా, తీరిగ్గా చూడు. మేం ఇక్కడే కూచుంటాం."

రెండు వేల నూట నలభై తొమ్మిది కాగితాలు. మధ్యాహ్నం నాలుగింటికి ఆ గుమాస్తా కిటికీ వదిలి బయటికొచ్చాడు. పోయినవి తొమ్మిది. మిగిలినవన్నీ చెల్లాయి. "ఎక్కడ పనిచేసేవారమ్మా మీరు?" అని అడిగాడు. పిన్ని చెప్పింది. "అదీ సంగతి" అంటూ నిలబడి నమస్కారం పెట్టాడు.

సమావేశం పెద్ద హాల్లో. వెయ్యి కుర్చీలూ నిండి, జనం గోడల వెంట నిలబడ్డారు. వేదిక మీద చైర్మన్ నుదురు తుడుచుకుంటూనే ఉన్నాడు. పెట్టుబడి సంస్థల తరఫున నీలం సూటు ఆయన లేచి, తెర మీద గీతలు చూపిస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. బోర్డు మన నోటి కూడు పారబోసిందన్నాడు. ముందు వరసలు చప్పట్లతో మోగిపోయాయి. తరువాత వాటాదారులకు అవకాశమిచ్చారు. మనిషికి రెండు నిమిషాలు.

పిన్ని మైకు దగ్గరికి వెళ్లింది. చేతిలో కాగితం లేదు.

"నేను ముప్పై రెండేళ్లు ఈ కంపెనీ తరఫున బూడిదలో కూచున్నదాన్ని. ఒకసారి గొడుగుల కొట్టు కాలిపోయింది. లెక్క పుస్తకాలూ కాలిపోయాయి. ఆరొందల గొడుగులు పోయాయని కొట్టాయన రాశాడు. అంత చిన్న కొట్లో అన్ని పట్టవు, అబద్ధం అంది మా ఆఫీసు. నేను వెళ్లాను. గుడ్డ కాలిపోతుంది కానీ ఇనుము కాలదు కదండీ. గొడుక్కి ఎనిమిది పుల్లలు. రెండు రోజులు కూచుని ఏరాను. నాలుగు వేల తొమ్మిదొందల ముప్పై ఆరు పుల్లలు. అంటే ఆరొందల పదిహేడు గొడుగులు. పాపం ఆయనే పదిహేడు తక్కువ రాసుకున్నాడు! పదిహేడింటికీ కలిపి ఇచ్చాం."

హాల్లో నవ్వులు లేచాయి. పిన్ని ఆగలేదు.

"ఆ బజారులో నూట నలభై కొట్లున్నాయి. ఏడాది తిరక్కుండా నూట ముప్పై మూడు మన దగ్గర బీమా కట్టాయి. ఇప్పటికీ కడుతున్నాయి. ఈ నీలం సూటు బాబు చూపించిన లాభం గీత ఉంది చూశారూ, అది అలా పైకెళ్లింది. ఫోటోలో పుల్లలు లెక్కపెట్టగలరా ఎవరైనా?"

గంట మోగింది. "రెండు నిమిషాలు అయిపోయాయమ్మా" అన్నాడు చైర్మన్ ఇబ్బందిగా.

వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. "నా రెండు నిమిషాలు ఆవిడకివ్వండి!"

"నావి కూడా!" అని ఇంకో మూల నుంచి. తరువాత పాతికమంది, వందమంది. గోడ పక్క నిలబడ్డవాళ్లు చేతులెత్తారు. నా పక్కనున్న బాబాయి ఎప్పుడు లేచాడో లేచి, "నావీ తీసుకోండి!" అని కేక పెట్టాడు. ఆయన గొంతులో అంత కేక ఉందని నాకప్పటిదాకా తెలియదు. చైర్మన్ గంట పక్కన పెట్టేశాడు.

పిన్ని నూట ముప్పై మూడో పేజీ తీయమంది. షేరుకిస్తామన్న ఆ నూట నలభై ఎక్కణ్ణుంచి వస్తుందో గల్లాపెట్టె లెక్కన విడమరిచి చెప్పింది. నీలం సూటు ఆయన లేచి, "మీ జ్ఞాపకాలు గొప్పవే మేడమ్, కానీ ఆ నిధి సంగతి అంత తేలిక..." అన్నాడు.

"ఆ పేజీ మీరు చదివారా, లేదా? ఆ ఒక్కటి చెప్పండి."

అతను కాగితాలు తిరగేశాడు. మాట్లాడేవాళ్ల మీద కెమెరా పెట్టారేమో, ఆ తిరగెయ్యడం తెర మీద అంత పెద్దదిగా అందరికీ కనిపించింది. ఇక హాలును ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఓట్లు లెక్కపెట్టడానికి రెండు గంటలు పట్టింది. తీర్మానం ఓడింది. తేడా ముప్పై ఒక్క లక్షల ఓట్లు. మా అట్టపెట్టెల్లో ఉన్నవి నలభై ఒక్క లక్షలు. క్యాషియరుగారు ఆ రెండు అంకెలూ అరచేతిలో రాసుకుని, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి చూసి, మోకాలి నొప్పి మరిచి ఎగిరి గంతేశారు. టైపిస్టు పిన్నిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. చైర్మన్ వేదిక దిగి వచ్చి పిన్ని రెండు చేతులూ పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో పద్నాలుగు మందిమీ చిన్నపిల్లలకంటే హీనంగా గోల చేశాం. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏంటమ్మా, పెళ్లివారా?" అని అడిగాడు.

"కాదు బాబూ, ఇష్టం లేని పెళ్లి తప్పించుకొస్తున్నాం!" అంది పిన్ని. బస్సు బస్సంతా నవ్వింది.

పది రోజులకు ఆ పెద్ద కంపెనీ దుకాణం కట్టేసి వెళ్లిపోయింది. సర్వే ఆఫీసులు నలభై రెండూ తెరిచే ఉన్నాయి. చిన్న వాటాదారుల తరఫున బోర్డులో ఒక కుర్చీ వేశారు. దానికి జరిగిన ఎన్నికలో పిన్ని మీద ఎవరూ పోటీ చేయలేదు. నెలకోసారి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మీటింగుకు వెళ్తుంది. ఆవిడ వచ్చే రోజున మిగతావాళ్లు కాగితాలు ముందే చదువుకుని వస్తున్నారట.

షేరు ఇప్పుడు నూట ఇరవై ఎనిమిది. నూట నలభై కాలేదు, ఆ మాట బాబాయి రోజూ గుర్తుచేస్తాడు. కొట్టు మాత్రం ఇప్పుడు ఒక పూటే తెరుస్తున్నాడు. మొన్న మందుల షాపాయన నోరు జారి చెప్పాడు. సమావేశం అయిన మర్నాడే బాబాయి, తన గల్లాలో డబ్బుతో, పిన్నికి తెలియకుండా నూటయాభై షేర్లు కొన్నాడట.

"ఎందుకు చెప్పలేదండీ?" అని పిన్ని నిలదీసింది.

"చెబితే నెత్తికెక్కుతావని" అన్నాడు బాబాయి, చేతి గడియారం మూత విప్పుతూ.